మైక్రోకంట్రోలర్ అనుకరణ: సిమ్‌ఏవీఆర్‌తో ఆరంభం

మైక్రోకంట్రోలర్ కోసం రాసిన ప్రోగ్రామును, అసలు చిప్ లేకుండానే కంప్యూటరులో నడిపి చూపే సాఫ్ట్‌వేరు సిమ్యులేటర్. బోర్డులు చాలని ప్రయోగశాలల్లో ఇది బోధనకు ఎంతో అక్కరకు వస్తుంది. అయితే అది దేనిని లెక్కిస్తుందో, దేనిని లెక్కించదో తెలుసుకోకుండా దాని ఫలితాలను సిద్ధాంత గ్రంథంలో చేర్చడం ప్రమాదకరం. ఆ తేడాను ఏటీమెగా 328పీ చిప్, సిమ్‌ఏవీఆర్ అనే ఓపెన్ సోర్స్ సిమ్యులేటర్ ఆధారంగా వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ఆర్డుయినో ఊనో బోర్డు మీద ఉండేది ఈ చిప్పే. 32 కిలోబైట్ల ఫ్లాష్ మెమరీ, 2 కిలోబైట్ల ర్యామ్ గల 8 బిట్ల చిప్ ఇది. ఆ బోర్డులో 16 మెగాహెర్ట్జ్ వేగంతో పనిచేస్తుంది. సిమ్‌ఏవీఆర్ సీ భాషలో రాసినది, జీపీఎల్ లైసెన్సుతో లభిస్తుంది. పిక్ చిప్‌లకు జీపీసిమ్, ఆర్మ్ కార్టెక్స్-ఎం, రిస్క్-ఫైవ్ చిప్‌లకు రెనోడ్ ఉన్నాయి. సర్క్యూట్‌ను బొమ్మగా గీసి నడపదలచినవారికి సిమ్యుల్‌ఐడీఈ అనుకూలం.

ఉబుంటు, డెబియన్ వ్యవస్థల్లో సిమ్‌ఏవీఆర్, ఏవీఆర్ జీసీసీ, ఏవీఆర్ లిబ్‌సీ, ఏవీఆర్ జీడీబీ ప్యాకేజీలుగానే దొరుకుతాయి. ముందుగా ప్రోగ్రామును డీబగ్ సమాచారంతో సహా ఈఎల్ఎఫ్ ఫైలుగా కంపైల్ చేయాలి. తరువాత చిప్ పేరు, క్లాక్ వేగం, ఫైలు పేరు ఇచ్చి సిమ్‌ఏవీఆర్‌ను నడపాలి. ప్రోగ్రాము సీరియల్ పోర్టుకు పంపిన అక్షరాలు టెర్మినల్‌లోనే కనిపిస్తాయి. డీబగ్ ఐచ్ఛికం జోడిస్తే సిమ్యులేటర్ 1234వ పోర్టులో జీడీబీ కోసం వేచి ఉంటుంది; అప్పుడు ఒక్కొక్క వాక్యం వద్ద ఆగి చలరాశుల విలువలను పరిశీలించవచ్చు. పిన్నుల మార్పులను వీసీడీ ఫైలుగా భద్రపరచి జీటీకేవేవ్‌లో తరంగచిత్రంగా చూడవచ్చు. ఆసిలోస్కోపు లేని కళాశాలకు ఇదొక్కటే చాలినంత ప్రయోజనం.

సిమ్‌ఏవీఆర్ యంత్రాదేశాలను ఒక్కొక్కటిగా అమలు చేస్తూ, వాటికి పట్టే క్లాక్ ఆవర్తాలను లెక్కిస్తుంది. కూడికకు ఒక ఆవర్తం, గుణకారానికి రెండు. 16 మెగాహెర్ట్జ్ వద్ద ఒక ఆవర్తం 62.5 నానోసెకన్లు. కనుక ఒక ఉపక్రమానికి ఎంత సమయం పడుతుంది, రెండు అల్గారిథమ్‌లలో ఏది త్వరగా ముగుస్తుంది వంటి ప్రశ్నలకు ఇది చాలామేరకు నమ్మదగిన సమాధానమిస్తుంది.

చిక్కు క్లాక్ దగ్గరే మొదలవుతుంది. 16 మెగాహెర్ట్జ్ అన్న సంఖ్యను సిమ్యులేటర్‌కు ఇచ్చేది మనమే. నిజమా కాదా అని అది విచారించదు. కర్మాగారం నుంచి వచ్చిన కొత్త ఏటీమెగా 328పీ తన అంతర్గత 8 మెగాహెర్ట్జ్ క్లాక్‌ను ఎనిమిదితో భాగించి, 1 మెగాహెర్ట్జ్ వేగంతోనే నడుస్తుంది. ఫ్యూజ్ బిట్లు మార్చకుండా దానిని బ్రెడ్‌బోర్డు మీద పెడితే, సెకనుకొకసారి మారవలసిన ఎల్ఈడీ 16 సెకన్లకొకసారి మారుతుంది. 9600 బాడ్‌కు అమర్చిన సీరియల్ పోర్టు సుమారు 600 బాడ్‌కు పడిపోయి, కంప్యూటరు తెర మీద అర్థంలేని గుర్తులు వస్తాయి. అదే ప్రోగ్రాము సిమ్యులేటర్‌లో చక్కగా నడిచి ఉంటుంది.

క్లాక్ సరిగా ఉన్నా సీరియల్ పోర్టు విషయంలో మరొక సూక్ష్మం ఉంది. 16 మెగాహెర్ట్జ్ నుంచి సాధారణ విధానంలో 115200 బాడ్ కచ్చితంగా రాదు. భాజకం పూర్ణాంకమే కావాలి గనుక దగ్గరగా వచ్చేది 111111. అంటే 3.5 శాతం తక్కువ. ఎదుటి పరికరం క్లాక్‌లో వ్యతిరేక దిశలో తేడా ఉంటే అక్షరాలు చెడిపోతాయి. సిమ్‌ఏవీఆర్ మాత్రం బిట్లను తీగ మీదుగా పంపదు, బైటును బైటుగానే అందజేస్తుంది. ఈ దోషం అక్కడ బయటపడే అవకాశమే లేదు.

విద్యుత్ సంబంధమైన తప్పులూ అంతే. ఒక పిన్ను భరించగల గరిష్ఠ విద్యుత్తు 40 మిల్లీఆంపియర్లు. నిరోధకం లేకుండా ఎల్ఈడీని కలపడమన్నది సిమ్‌ఏవీఆర్‌కు తెలిసే సంగతి కాదు. దానికి పిన్ను అంటే 0 లేదా 1 మాత్రమే.

కాబట్టి పరిశోధకులు సిమ్యులేటర్ పేరు, వెర్షన్, ఇచ్చిన క్లాక్ వేగం, కంపైలర్ ఆప్టిమైజేషన్ స్థాయి తప్పక పేర్కొనాలి. ఆవర్తాల సంఖ్యను అనుకరణ ఫలితంగా చూపవచ్చు. విద్యుత్ వినియోగం, సీరియల్ దోషాల రేటు, సెన్సారు కొలతల కచ్చితత్వం వంటివి ఒక్క బోర్డు మీదనైనా కొలిచి, పట్టికలో వేరే నిలువు వరుసలో ఇవ్వాలి. మార్గదర్శకులు ముసాయిదా చూసేటప్పుడు మొదట అడగవలసింది ఆ రెండో వరుస గురించే.