కిలోకి ఏడు పైసలు, ట్రిప్పుకి వెయ్యి రూపాయలు

పేపర్లో 'లారీల సమ్మె' అన్న మాట కనపడగానే మన ఇళ్ళల్లో మొదట జరిగే పని ఒకటుంది. ఉల్లిపాయలు మరో రెండు కిలోలు, కందిపప్పు మరో కిలో తెచ్చి పడేసుకుంటాం. ఆ తర్వాత "ఈ లారీవాళ్ళకి ఎప్పుడూ సమ్మెలే!" అని విసుక్కుంటాం. కొద్ది రోజులకి సమ్మె ముగుస్తుంది. దేనికి చేశారో, ఏం సాధించారో మనకి పట్టదు. కూరగాయలమ్మే అతను మాత్రం మర్చిపోడు. కిలోకి అయిదు రూపాయలు పెంచి, "ఏం చేయమంటారమ్మా, డీజిల్ రేటు పెరిగింది కదా!" అంటాడు. మనం మారు మాట్లాడకుండా ఇచ్చేస్తాం.

ఆ అయిదు రూపాయల్లో డీజిల్ వాటా నిజంగా ఎంత? కాగితం, పెన్ను పట్టుకుని పది నిమిషాలు కూర్చుంటే తెలిసిపోతుంది. చీటీపాట లెక్కలు కట్టే వాళ్ళకి ఇదేమంత కష్టం కాదు.

మన లెక్క, వాళ్ళ లెక్క

కర్నూలు ఉల్లి తాడేపల్లిగూడెం మార్కెట్టుకి రావాలంటే 400 కిలోమీటర్ల పైమాటే. సులువుగా ఉండటానికి 400 అనే అనుకుందాం. సరుకుతో ఉన్న పది చక్రాల లారీ లీటరుకి 4 కిలోమీటర్లు నడిస్తే 100 లీటర్ల డీజిల్ కావాలి. లీటరుకి 10 రూపాయలు పెరిగిందనుకోండి, ట్రిప్పుకి అదనపు ఖర్చు 1,000 రూపాయలు. లారీలో ఉన్నది 15 టన్నుల సరుకు, అంటే 15,000 కిలోలు. వెయ్యి రూపాయల్ని పదిహేను వేల కిలోలకి పంచితే కిలోకి ఏడు పైసలు కూడా పడటం లేదు! లారీ ఖాళీగా వెనక్కి పోయిందనుకుని ఆ డీజిల్ కూడా మన నెత్తినే వేసినా పధ్నాలుగు పైసలు దాటదు. మార్కెట్టు నుంచి మన వీధికొచ్చే ట్రాలీ ఆటో ఖర్చు కలుపుకున్నా అర్ధరూపాయికి మించదు.

మరి మిగతా నాలుగున్నర రూపాయలు ఎక్కడివి? వానలకి పంట పోయి ఉండొచ్చు, గోడౌనులో సరుకు కుళ్ళి ఉండొచ్చు, మధ్యలో ఎవరో లాభం చూసుకుని ఉండొచ్చు. ఆ ట్రిప్పు డీజిల్ మాత్రం కాదు.

అలాగని డీజిల్ ధర పెద్ద విషయం కాదా? అక్కడే ఉంది అసలు సంగతి. మనదాకా పైసల్లో వచ్చే ఆ పెంపు, లారీ మీద బతికే ఇంటికి వేలల్లో వెళుతుంది.

మా బజారులో ఒకామె ఉంది. వాళ్ళాయనకి ఉన్నది ఒక్కటే లారీ. అది కూడా ఫైనాన్సులో తీసుకున్నదే. నడిపేదీ ఆయనే. ఇలాంటి వాళ్ళని ఆ వ్యాపారంలో 'ఓనర్ కమ్ డ్రైవర్' అంటారు. ఇంటర్ దాకా చదివిన ఆమె, ట్రిప్పు లెక్కలన్నీ ఒక లాంగ్ నోటుబుక్కులో రాసి పెడుతుంది. ఒక పక్క కిరాయి. రెండో పక్క డీజిల్, టోల్‌గేట్లు, క్లీనరు బత్తా, బ్రోకరు కమీషను, హమాలీ, పంక్చర్లు, అన్నిటికన్నా కింద 'దారి ఖర్చులు'. అవేమిటని అడిగితే నవ్వింది. "వాటికి రసీదు ఉండదక్కా" అంది.

ఇవి పోను మిగిలిన దాంట్లోంచే ఫైనాన్సు వాయిదా, ఇన్సూరెన్సు, మూడు నెలలకోసారి టాక్సు, ఫిట్‌నెస్, టైర్లు. అన్నీ అయ్యాక ఏదైనా మిగిలితే అదే ఇంటి ఖర్చు. నెలకి ఎనిమిది ట్రిప్పులు తిరిగితే, ట్రిప్పుకి వెయ్యి చొప్పున ఎనిమిది వేలు గాలికి పోయినట్టే.

"డీజిల్ పెరిగితే మీకు కూరల్లో తెలుస్తుందేమోగానీ అక్కా, మాకు పిల్లల ఫీజుల్లో తెలుస్తుంది" అంది ఆమె.

కిరాయి పెంచమని అడగొచ్చు కదా అనిపిస్తుంది మనకి. ఎవరిని అడగాలి? మన దేశంలో ఎక్కువ లారీలు ఒకటి నుంచి అయిదు బళ్ళున్న చిన్న యజమానులవే. ఒకరు కాదంటే ఆ సరుకెత్తడానికి వెనకాల మరో పది బళ్ళు నిలబడి ఉంటాయి. పైగా డీజిల్‌కి బంకులో అప్పటికప్పుడు డబ్బు కట్టాలి, కిరాయి బాకీ మాత్రం వారాల తర్వాత చేతికొస్తుంది. ఆ మధ్య రోజులకి వడ్డీ లెక్క వేరే.

ధర పెంచేది ఎవరు?

ఒకప్పుడు ఈ ప్రశ్నకి జవాబు సూటిగా ఉండేది. డీజిల్ ధర నిర్ణయించేది కేంద్ర ప్రభుత్వమే. 2009 జనవరి మొదటి వారంలో దేశవ్యాప్తంగా లారీల సమ్మె మొదలైంది. డీజిల్ ధర తగ్గించాలన్నది ముఖ్యమైన డిమాండ్లలో ఒకటి. 2008 జూలైలో పీపా 147 డాలర్లకి ఎక్కిన ముడిచమురు ఆ ఏడాది చివరికి 40 డాలర్ల దగ్గరికి పడిపోయింది కాబట్టి, ఆ లాభం మాకూ రావాలని వాళ్ళు అడిగారు. ఎనిమిది రోజులకి సమ్మె ముగిసింది. ఆ నెలాఖరుకి డీజిల్ మీద రెండు రూపాయలు తగ్గింది. ఎక్కువా తక్కువా అన్నది పక్కన పెడితే, అడగడానికి ఎదురుగా ఒక మనిషి ఉన్నాడు.

2014 అక్టోబరులో డీజిల్ ధర మీద నియంత్రణ ఎత్తేశారు. అంతర్జాతీయ ధరను బట్టి చమురు కంపెనీలే రేటు నిర్ణయిస్తాయన్నారు. 2017 జూన్ 16 నుంచి దేశమంతటా రోజూ రేటు మారే పద్ధతి వచ్చింది. ఇందులో న్యాయం లేకపోలేదు. అంతకు ముందు అసలు ధర కన్నా తక్కువకి అమ్మించి, ఆ నష్టాన్ని ఖజానా, చమురు కంపెనీలు మోసేవి. అది ఎల్లకాలం సాగే పని కాదు. కానీ పెరిగితే మనమే భరించాలన్నప్పుడు, తగ్గితే మనకే రావాలి కదా?

అలా జరగలేదు. ముడిచమురు ధర పడిపోతున్న కొద్దీ కేంద్రం ఎక్సైజు సుంకం పెంచుకుంటూ వచ్చింది. 2014లో లీటరు డీజిల్ మీద 3 రూపాయల 56 పైసలున్న సుంకం 2016 జనవరి ముగిసేసరికి 17 రూపాయలు దాటింది. 2020లో కరోనా వచ్చి ముడిచమురు పీపా 20 డాలర్ల దగ్గరికి దిగిన సమయంలో, మే నెలలో ఒకేసారి 13 రూపాయలు వేసి 31 రూపాయల 83 పైసలు చేశారు. ఆ జూన్‌లో ఢిల్లీలో డీజిల్ ధర పెట్రోలు ధరను దాటిపోయింది.

మన ఉల్లిపాయల లారీ దగ్గరికే వద్దాం. ఆ 100 లీటర్ల మీద కేంద్రానికి 2014లో కట్టింది 356 రూపాయలు. 2020లో కట్టింది 3,183 రూపాయలు. దారి అదే, సరుకు అదే, లారీ అదే. 2021 నవంబరులో పది రూపాయలు, 2022 మేలో ఆరు రూపాయలు తగ్గించాక అది 1,580కి దిగింది.

రోడ్లకీ, సంక్షేమానికీ, కరోనా కష్టకాలంలో ఖర్చులకీ డబ్బు కావాలి కదా అని ప్రభుత్వం వాదన. కాదనలేం. ఆ రోడ్ల మీదే లారీలు తిరుగుతున్నాయి. కానీ రోడ్డు కోసం డీజిల్ మీద సెస్సు కట్టి, మళ్ళీ అదే రోడ్డు మీద టోలు కట్టడం లారీవాడికి మింగుడు పడటం లేదు.

కంపెనీలే ధర నిర్ణయిస్తాయన్న మాట కూడా పూర్తిగా నమ్మేటట్టు లేదు. 2018లో కర్ణాటక ఎన్నికల ముందు, రోజూ మారాల్సిన రేటు 19 రోజులు కదల్లేదు. పోలింగ్ అయిన రెండో రోజు నుంచి మళ్ళీ పెరగడం మొదలైంది. 2021 నవంబరు నుంచి 2022 మార్చి దాకా, ఉత్తరప్రదేశ్ తదితర రాష్ట్రాల ఎన్నికల కాలంలో, నాలుగు నెలలకి పైగా రేటు నిలిచిపోయింది. ఎన్నికలప్పుడు ఆపగలిగిన చెయ్యి, మిగతా రోజుల్లో తనకి సంబంధం లేదంటే ఎలా?

రాష్ట్రాలేం తక్కువ తినలేదు. వ్యాటును శాతంలో వేస్తారు. కేంద్రం సుంకంతో సహా ఉన్న ధర మీద వేస్తారు. అంటే పన్ను మీద పన్ను. ధర పెరిగినకొద్దీ రాష్ట్రానికి ఏమీ చేయకుండానే రాబడి పెరుగుతుంది. 2021 నవంబరులో కేంద్రం తగ్గించినప్పుడు చాలా రాష్ట్రాలు తమ వ్యాటు కూడా తగ్గించాయి. మన రెండు తెలుగు రాష్ట్రాలూ తగ్గించలేదు. 2025 ఏప్రిల్‌లో కర్ణాటక ప్రభుత్వం డీజిల్ మీద అమ్మకపు పన్ను పెంచితే అక్కడి లారీ యజమానులు సమ్మెకి దిగాల్సి వచ్చింది.

సమ్మె ఎవరిది, పస్తు ఎవరిది?

2018 జూలై 20 నుంచి ఎనిమిది రోజులపాటు జరిగిన సమ్మె చాలామందికి గుర్తుండే ఉంటుంది. అఖిల భారత మోటారు ట్రాన్స్‌పోర్టు కాంగ్రెస్ పిలుపునిచ్చింది. డీజిల్ మీద పన్నులు తగ్గించాలి, జీఎస్టీలోకి తేవాలి, టోలు, ఇన్సూరెన్సు భారం తగ్గించాలన్నవి కోరికలు. పరిశీలిస్తామన్న హామీతో సమ్మె విరమించారు. డీజిల్ మీద కేంద్రం కొంత తగ్గించింది అక్టోబరులో. అప్పటికి సమ్మె సంగతి అందరూ మర్చిపోయారు.

ఆ ఎనిమిది రోజులూ యజమానికి నష్టమే, నిజం. కానీ జీతానికో బత్తాకో నడిపే డ్రైవరు మాటేమిటి? బండి కదిలితేనే అతనికి బత్తా. సమ్మె నాటికి ఏ రాష్ట్రంలో ఉంటే అక్కడే రోడ్డు పక్కన లారీ ఆపి, స్టవ్వు మీద ఇంత అన్నం వండుకుని, సరుకుకి కాపలా కాస్తూ పడుకోవాలి. ఇంటి దగ్గర భార్య కిరాణా కొట్లో ఖాతా పెంచుకుంటూ ఉంటుంది. సమ్మె ఫలించి రేటు తగ్గితే ఆ లాభం యజమాని లెక్కలోకి పోతుంది, డ్రైవరు బత్తా పెరగదు.

డ్రైవర్లు తమకోసం తాము రోడ్డెక్కింది 2024 జనవరి మొదట్లో. ప్రమాదం చేసి చెప్పకుండా పారిపోతే పదేళ్ళ దాకా జైలు అన్న కొత్త చట్టం నిబంధన మీద వచ్చిన ఆందోళన అది. హైదరాబాదు బంకుల ముందు కిలోమీటర్ల కొద్దీ బారులు తీరితే, ప్రభుత్వం రెండు రోజుల్లో చర్చలకి పిలిచింది. ఆ ఏడాది జూలైలో కొత్త చట్టం అమల్లోకి వచ్చినప్పుడు ఆ ఒక్క నిబంధనను పక్కన పెట్టారు. ఎండకి కాగిపోయే క్యాబినులో కూర్చునే డ్రైవరుకి, 2025 అక్టోబరు నుంచి తయారయ్యే లారీల్లో ఏసీ క్యాబిను తప్పనిసరి చేయడం మంచి పని. ఇలాంటివి చేయగలిగిన ప్రభుత్వం బత్తా గురించీ, విశ్రాంతి గంటల గురించీ కూడా ఆలోచించొచ్చు.

మనం అడగాల్సింది

జీఎస్టీ 2017 జూలైలో వచ్చినా పెట్రోలు, డీజిల్‌ను బయటే ఉంచారు. ఎప్పుడు తేవాలో చెప్పాల్సింది జీఎస్టీ కౌన్సిల్. 2021 సెప్టెంబరులో లక్నోలో కూర్చున్నప్పుడు, ఇది సమయం కాదన్నారు. ఆ కౌన్సిల్‌లో ఉండేది కేంద్ర ఆర్థిక మంత్రి, రాష్ట్రాల మంత్రులే. బయట ఒకరినొకరు తిట్టుకునే వాళ్ళంతా ఆ గదిలో పక్కపక్కనే కూర్చుంటారు.

సబ్బు కొన్నా, బిస్కెట్ ప్యాకెట్టు కొన్నా సూపర్ బజారు బిల్లు మీద పన్ను ఎంతో రాసి ఉంటుంది. బంకులో ఇచ్చే రసీదు మీద లీటర్లు, రేటు, మొత్తం ఉంటాయే తప్ప అందులో కేంద్రం ఎంత తీసుకుంది, రాష్ట్రం ఎంత తీసుకుంది కనపడదు. అది రాయమని అడుగుదాం. స్కూటీకి పెట్రోలు పోయించుకునే ఆడవాళ్ళం మనలో ఎంతమంది లేరు? ఓటుకొచ్చిన వాళ్ళని డీజిల్ మీద మీ ప్రభుత్వం ఎంత వసూలు చేస్తోందో అడుగుదాం. పన్ను అసలు వద్దని కాదు, ముడిచమురు తగ్గినప్పుడు ఆ తగ్గింపు బంకు దాకా రానివ్వమని.

డీజిల్ పేరు చెప్పి కిలోకి అయిదు రూపాయలు పెంచిన వాళ్ళని కూడా మర్యాదగానే అడుగుదాం, "అందులో లారీవాడికి ఎంత ముట్టిందయ్యా?" అని. జవాబు వాళ్ళకి తెలియకపోయినా, ఆ లెక్క ఇక మన దగ్గరుంది.