పిడికెడు టెర్రియర్ – గంపెడు బాధ్యత

మన ఊళ్ళలో కుక్కకి ఇల్లు వుండేది కాదు, వీధి వుండేది. పొద్దున ఎవరో ఒకరు ఇంత చద్దన్నం వేస్తే, రాత్రి వీధంతటికీ కాపలా కాసేది. మా నాన్నగారిది కైకలూరు దగ్గర పల్లెటూరు. కొల్లేటి చుట్టూ బాతుల మందల్ని తోలుకుపోయేవాళ్ళ వెంట జోనంగి కుక్కలు వుండేవి. పొట్టి బొచ్చు, బక్క ఒళ్ళు, నుదుటిమీద ముడతలు! వాటి జీతం గంజి, ఉద్యోగం మంద కాయటం. కుక్కని ఒళ్ళో కూర్చోబెట్టుకుని దువ్వెనతో తల దువ్వినవాళ్ళని ఆ ఊళ్ళో నేను చూడలేదు. అక్కడినుంచి వచ్చిన నేను ఇవాళ ఇర్వింగ్ లో ఒక యార్క్‌షైర్ టెర్రియర్ కి రోజూ తల దువ్వుతున్నాను. కాలమహిమ!

ఈ సంగతి తెలిసినవాళ్ళు, ముఖ్యంగా వ్యాలీ రాంచ్, లాస్ కొలీనాస్ అపార్ట్‌మెంట్లలో కొత్తగా కాపురం పెట్టినవాళ్ళు, "పిల్లలు ఒకటే గొడవండీ. చిన్న కుక్కైతే ఫరవాలేదు కదా?" అని అడుగుతూ వుంటారు. ఇంటింటికీ విడివిడిగా చెప్పే జవాబు పండుగ సంచికలో అందరికీ కలిపి చెబుదామని ఈ ప్రయత్నం. నేను పశువైద్యురాలిని కాను. పదమూడేళ్ళుగా ఒక చిన్న టెర్రియర్ తో వేగుతున్న ఇల్లాలిని, అంతే.

పేరులోనే వుంది పెంకితనం

టెర్రియర్ అన్న మాటకి మూలం లాటిన్ లోని 'టెర్రా', అంటే భూమి. బొరియల్లో దూరి ఎలుకల్నీ, నక్కల్నీ తరమటానికి బ్రిటన్ లో పెంచిన జాతులివి. డెవన్ ప్రాంతానికి చెందిన జాన్ రస్సెల్ అనే చర్చి ఫాదరీకి నక్కల వేట పిచ్చి. ఆయన 1819లో కొన్న 'ట్రంప్' అనే ఆడకుక్కతో మొదలైందే నేటి జాక్ రస్సెల్ వంశం. 1939లో వచ్చిన 'విజార్డ్ ఆఫ్ ఆజ్' సినిమాలో టోటోగా నటించింది కెయిర్న్ టెర్రియర్. ఇక మా ఇంటి యార్కీ కథ మనకి బాగా దగ్గరిది. 19వ శతాబ్దంలో పని వెతుక్కుంటూ స్కాట్లండు నుంచి ఉత్తర ఇంగ్లండు మిల్లు పట్టణాలకి వలస వచ్చిన నేతపనివాళ్ళు తమ వెంట తెచ్చుకున్న చిన్న కుక్కలే దాని పూర్వీకులు. ఉద్యోగం కోసం ఊరు వదిలిన వంశమన్నమాట!

చిన్నది కదా అని తీసిపారేయకండి. రెండో ప్రపంచయుద్ధంలో న్యూగినీ అడవిలో ఒక అమెరికన్ సైనికుడికి దొరికిన యార్కీ 'స్మోకీ'. బరువు నాలుగు పౌన్లు. 1945లో ఫిలిప్పీన్స్ లోని లూజాన్ దీవిలో, విమానాలు దిగే మైదానం అడుగున వున్న 70 అడుగుల సన్నటి తూములోంచి అది టెలిఫోన్ తీగ లాక్కుని వెళ్ళింది. మనుషులు చెయ్యాలంటే నేలంతా తవ్వాల్సిన పని అది.

ఈ చరిత్రంతా ఎందుకంటారా? మీరు ఇంటికి తెచ్చుకునేది బొమ్మని కాదు, వేటకుక్కని. ఉడుత కనపడితే మీ పిలుపు దానికి వినపడదు. తలుపు చప్పుడైతే మొరుగుతుంది. పెరట్లో కొత్తిమీర మడి వేస్తే తవ్వుతుంది. దాన్ని కోప్పడి లాభం లేదు, తాతముత్తాతలు చేసిన ఉద్యోగమే అది చేస్తోంది.

ఏది మన ఇంటికి సరిపోతుంది?

మొదట మీ ఇంటిని చూసుకోండి, తర్వాత కుక్కని. యార్కీ ఏడు పౌన్లు దాటకపోతే జాతి లక్షణానికి సరిపోయినట్లు. అపార్ట్‌మెంటులో ఇముడుతుంది. కానీ దాని జుట్టు మన జుట్టులా పెరుగుతూనే వుంటుంది. రోజూ దువ్వాలి, నెలా నెలన్నరకోసారి కత్తిరించాలి. మరీ చిన్నపిల్లలున్న ఇంట్లో అంత సన్నటి ఎముకలున్న ప్రాణి వద్దు. సోఫామీంచి దూకినా కాలు విరగవచ్చు. కెయిర్న్, వెస్టీ కాస్త గట్టి పిండాలు. అయితే వెస్టీలకి చర్మం దురదలు ఎక్కువ. జాక్ రస్సెల్ కి రోజూ బాగా పరుగు కావాలి, లేకపోతే మీ సోఫా దాని ప్రత్యర్థి అవుతుంది. అమెరికన్ పల్లెల్లో పొలాల దగ్గర పెరిగిన రాట్ టెర్రియర్ ని అమెరికన్ కెన్నెల్ క్లబ్ 2013లో గుర్తించింది. పొట్టి బొచ్చు కాబట్టి దువ్వే బాధ లేదు.

"అలర్జీ రాని కుక్క" అన్న ప్రకటనలు నమ్మకండి. బొచ్చు తక్కువ రాలే కుక్కలున్నాయి కానీ, అలర్జీ అసలు రానివి లేవు. 'టీకప్ యార్కీ' అన్నదీ అంతే, అలాంటి జాతి ఏదీ లేదు. మరీ చిన్నగా పుట్టించిన ఆ పిల్లలకి రక్తంలో చక్కెర పడిపోవటం, కాలేయం జబ్బులు వంటివి రావచ్చు.

కొనదలిస్తే తల్లికుక్కని చూపించమని అడగండి. తల్లిని చూపించకుండా, పార్కింగ్ లాట్ లో పిల్లని చేతికిచ్చి డబ్బు పుచ్చుకునేవాళ్ళకి దణ్ణం పెట్టి వచ్చేయండి. ఎనిమిది వారాలు నిండని పిల్లని తెచ్చుకోకండి. కుక్కపిల్లల కార్ఖానాల బాధ పడలేకనే డల్లాస్ నగరం 2022లో దుకాణాల్లో కుక్కల అమ్మకాన్ని నిషేధించింది. కొనటానికి ముందు ఒకసారి ఇర్వింగ్ నగరంవారి జంతు సంరక్షణ కేంద్రానికి వెళ్ళి చూడండి. పెద్ద వయసు కుక్కయితే దాని గుణం ముందే తెలుస్తుంది, పాలపళ్ళ కొరుకుడూ తప్పుతుంది.

టెక్సాస్ లో పెంపకం

ఇక్కడి చట్టం ప్రకారం కుక్కపిల్లకి 16 వారాలు నిండేలోగా రేబిస్ టీకా వేయించాలి. పార్వో వంటి జబ్బుల టీకాలు మూడు నాలుగు వారాలకోసారి, ఆ వయసు వచ్చేదాకా వేస్తారు. అన్నిటికన్నా మనవాళ్ళు మర్చిపోయేది గుండెపురుగు మాత్ర. దోమకాటుతో వచ్చే ఈ పురుగు గుండెలోనూ, ఊపిరితిత్తుల రక్తనాళాల్లోనూ చేరుతుంది. వైద్యం ఖరీదు, బాధ కూడా. నెలకో మాత్రతో పోయేదాన్ని అంతదాకా తెచ్చుకోవటమెందుకు? మనకి చలికాలంలో కూడా దోమలుంటాయి కాబట్టి ఏడాది పొడుగునా వేయాలి.

ఎండ సంగతి చెప్పక్కర్లేదు. 2011లో ఈ ప్రాంతంలో 71 రోజులపాటు 100 డిగ్రీలు దాటింది. అరచెయ్యి వెనుక భాగం రోడ్డుకి ఆనించి ఏడు సెకన్లు వుంచలేకపోతే, చెప్పుల్లేని ఆ కాళ్ళని దానిమీద నడిపించకూడదు. మా ఇంట్లో వేసవి నడక సూర్యోదయానికి ముందే. అయితే అది కొయోటీలు తిరిగే వేళ కూడా. ట్రినిటీ నది వెంట, కాంపియన్ ట్రెయిల్ పక్కన వాటిని చూస్తూనే వుంటాం. ఆరడుగుల తాడు చేతిలో వుండాలి; పొడుగ్గా సాగే తాడు పనికిరాదు. యార్కీల శ్వాసనాళం మెత్తన కాబట్టి ఆ తాడు మెడపట్టీకి కాకుండా ఛాతీకి తొడిగే హార్నెస్ కి కట్టాలి. చలీ తక్కువది కాదు. 2021 ఫిబ్రవరిలో సున్నాకి రెండు డిగ్రీలు కిందికి పోయి కరెంటు లేకుండా గడిపినప్పుడు, మా చిట్టి మా శాలువాల్లో నాలుగో మనిషి.

పండుగ వంటలు – కుక్క కడుపు

ఇది మన ఇళ్ళకి ప్రత్యేకం. పరమాన్నంలో వేసే కిస్‌మిస్ కుక్కల మూత్రపిండాలని పాడుచేస్తుంది, ద్రాక్షపళ్ళూ అంతే. ఉల్లి, వెల్లుల్లి పడ్డ సాంబారు, కూర రక్తానికి చెరుపు. చాక్లెట్ విషం. చక్కెర లేని చూయింగ్ గమ్ లో వాడే జైలిటాల్ కొంచెమైనా ప్రాణంమీదికి తెస్తుంది. పోపులేని పెరుగన్నం ఒక చెంచాడు పెడితే తప్పులేదు, అదే భోజనం కాకూడదు. ఇండియా నుంచి వచ్చిన పెద్దవాళ్ళ మాత్రలు కిందపడకుండా చూసుకోండి. మనం తలనొప్పికి వేసుకునే మాత్ర వాటికి చేటు. దీపావళి చుట్టాలు వచ్చినప్పుడు తలుపులు తెరిచే వుంటాయి, బాణాసంచాకి బెదిరిన కుక్క ఎటు పరుగెడుతుందో తెలియదు. ఆ పూట లోపలి గదిలో పాట పెట్టి వుంచండి. మెడలో మీ ఫోన్ నంబరు, చర్మం కింద మైక్రోచిప్ తప్పనిసరి.

పెద్దవాళ్ళంటే గుర్తొచ్చింది. మా అత్తగారు మొదటిసారి ఆరు నెలలకి వచ్చినప్పుడు, "కుక్క తిరిగే ఇంట్లో మడేమిటే?" అన్నారు. పూజగదికీ, వంటింటికీ చంటిపిల్లలకి పెట్టే చిన్న గేటు బిగించాం. ఆవిడ హద్దు ఆవిడది, చిట్టి హద్దు చిట్టిది. మూడో నెలకి గేటు ఇవతల పీట వేసుకుని బియ్యం ఏరుతూ, ధర్మరాజు కుక్కని విడిచి స్వర్గానికి రానన్న కథ దానికే చెప్పటం విన్నాను. ఇప్పుడు విజయవాడ నుంచి ఫోన్ చేస్తే ముందు అడిగేది దాన్నే. నా వంతు తర్వాత!

అసలు ప్రశ్న

ఇవన్నీ నేర్చుకోగలిగినవే. కష్టమైనది కాలం. చిన్న టెర్రియర్లు పదమూడు, పదిహేనేళ్ళు బతకటం మామూలు. మనలో చాలామందికి ఈ దేశంలో వచ్చే ఏడాది ఎక్కడుంటామో తెలియదు. హెచ్-1బి మీద వున్నవాళ్ళకి ఉద్యోగం పోతే వుండే గడువు అరవై రోజులు. మాకు తెలిసిన ఒక కుటుంబానికి ఆ పరిస్థితి వచ్చింది. ఇల్లు ఖాళీ చేయాలి, కారు అమ్మాలి, పిల్లల బడి మాన్పించాలి. వీటన్నిటి మధ్య ఏడేళ్ళ కుర్రాడు అడిగింది ఒకటే – "బన్నీ కూడా వస్తుంది కదా?" వచ్చింది. కానీ ఊరికే రాలేదు. టీకా కాగితాలు, మైక్రోచిప్, ఆరోగ్యపత్రం, భారత ప్రభుత్వపు జంతు క్వారంటైన్ శాఖ అనుమతి ఇవన్నీ సమకూరేదాకా అది మా ఇంట్లో చిట్టితో దెబ్బలాడుతూ వుంది. తిరిగి రావాలన్నా పనే. 2024 ఆగస్టు 1 నుంచి అమెరికాలోకి వచ్చే ప్రతి కుక్కకీ ఆరు నెలలు నిండాలి, మైక్రోచిప్ వుండాలి. రేబిస్ ముప్పు ఎక్కువున్న దేశాల జాబితాలో ఇండియా వుంది కాబట్టి టీకా పత్రాల పట్టింపు మరీ ఎక్కువ. అందుకే బయలుదేరకముందే ఇక్కడి టీకా ధృవపత్రం మీద ప్రభుత్వ ఆమోదం వేయించుకోవాలి.

మా ఇంట్లో కుక్క కావాలని అడిగింది ఎనిమిదేళ్ళ అమ్మాయి. ఇప్పుడది ఆస్టిన్ లో కాలేజీ చివరి సంవత్సరం. అడిగింది పిల్ల, పెంచింది తల్లి! చిట్టికి పదమూడేళ్ళు. సగం పళ్ళు లేవు. ఉత్సాహం వస్తే గొంతు పట్టుకుని దగ్గుతుంది. మెట్లెక్కలేదు, మావారు రోజూ రాత్రి చంకనెత్తుకుని పైకి తీసుకెళతారు. అది తినటం మానేసి, నొప్పి తగ్గని రోజు వస్తే ఏం చెయ్యాలన్నది మేం ముగ్గురం కిందటి సంక్రాంతికి కూర్చుని మాట్లాడుకున్నాం. డాక్టరుగారిని అడిగాం. బాధ పడనివ్వకూడదనీ, ఆ వేళ ముగ్గురం దగ్గర వుండాలనీ అనుకున్నాం. కుక్కని తెచ్చుకోవటమంటే ఆ రోజుని కూడా తెచ్చుకోవటమే.

కాబట్టి కుక్కపిల్ల బొమ్మలు చూసేముందు ఇంటిల్లిపాదీ భోజనాల బల్ల దగ్గర కూర్చోండి. పొద్దున ఆరింటికి ఎవరు నడిపిస్తారు? ఇండియా వెళ్ళిన నెలరోజులూ ఎవరింట్లో వుంటుంది? వైద్యం ఖర్చుకి నెలనెలా ఎంత పక్కన పెడతారు? ఉద్యోగం మారినా, ఊరు మారినా దాన్ని వెంట తీసుకెళతారా? పిల్లలు పెద్దవాళ్ళై వెళ్ళాక దాని ముసలితనం ఎవరు చూస్తారు? వీటికి పేర్లతో సహా జవాబు దొరికితే నిశ్చింతగా తెచ్చుకోండి, మీ ఇల్లు నిండుతుంది. దొరక్కపోతే మా ఇంటికి రండి. కాఫీ తాగి, చిట్టిని కాసేపు ఒళ్ళో పెట్టుకుని వెళుదురుగాని. గుమ్మం దగ్గర చెప్పులు మాత్రం కాస్త ఎత్తులో పెట్టండి. పళ్ళు పోయినా, చెప్పు ఎత్తుకెళ్ళి సోఫా కింద దాచే అలవాటు దానికింకా పోలేదు.