షాట్‌గన్ ఎంపిక: ముందు ఒంటికి కుదరాలి

రైఫిల్ తూటాలో ఉండేది ఒకే గుండు. షాట్‌గన్ తూటాలో సాధారణంగా వందల కొద్దీ సన్న గుండ్లుంటాయి. ట్రిగర్ నొక్కగానే అవి గొట్టం దాటి గుంపుగా వెళుతూ, దూరం పెరిగేకొద్దీ విచ్చుకుంటాయి. ఎగిరే పక్షిని, గాలిలో దూసుకుపోయే క్లే టార్గెట్‌ను కొట్టడానికి ఈ తుపాకీ వాడేది అందుకే. రెప్పపాటులో భుజానికెత్తి, గురి వెంట ఊపుతూ పేల్చాల్సిన ఆయుధం కాబట్టి ధర, కంపెనీ పేరు, చెక్క మీద నగిషీ వంటివన్నీ తర్వాతి సంగతులు. దాన్ని ఎక్కడ వాడతారు, వాడేవారి ఒంటికి అది కుదురుతుందా అన్నవే ముందు తేల్చుకోవాలి.

భారతదేశంలో మొదటి ప్రశ్నకు చట్టమే జవాబు చెబుతుంది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంతో ఇక్కడ వేటకు దారులు దాదాపుగా మూసుకుపోయాయి. తుపాకీ ఉంచుకోవాలంటే 1959 నాటి ఆయుధ చట్టం కింద లైసెన్సు ఉండాలి. కాబట్టి ఈ దేశంలో షాట్‌గన్ సరదాకు తగిన చోటు షూటింగ్ రేంజి ఒక్కటే. అది చిన్న చోటేమీ కాదు. 2004 ఏథెన్స్ ఒలింపిక్స్‌లో రాజ్యవర్ధన్ సింగ్ రాథోడ్ రజతం గెలిచింది షాట్‌గన్ పోటీ అయిన డబుల్ ట్రాప్‌లోనే. హైదరాబాద్‌కు చెందిన కైనన్ చెనాయ్ 2016లో రియో ఒలింపిక్స్ ట్రాప్ పోటీలో పాల్గొన్నాడు. 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో జట్టు స్వర్ణంలో భాగస్వామి అయ్యాడు, వ్యక్తిగత కాంస్యమూ గెలిచాడు. బ్రిటన్‌లో, అమెరికాలో మాత్రం పక్షుల వేట ఫలానా నెలల్లోనే, లైసెన్సులకు, పరిమితులకు లోబడి ఇప్పటికీ సాగుతోంది.

పోటీని బట్టి తుపాకీ మారుతుంది. ఒలింపిక్ ట్రాప్‌లో షూటర్‌కు 15 మీటర్ల ముందున్న కందకంలోంచి టార్గెట్ లేచి దూరంగా దూసుకుపోతుంది. తుపాకీని ముందే భుజానికి ఆనించుకుని నిలబడవచ్చు. అందుకని ట్రాప్ తుపాకీ మూడున్నర నుంచి నాలుగు కిలోల బరువుతో, 30 లేదా 32 అంగుళాల గొట్టంతో, పైకి లేచే గురికి తగ్గట్టు కాస్త ఎత్తుగా కొట్టేలా ఉంటుంది. స్కీట్‌లో టార్గెట్లు రెండు పక్కల నుంచి అడ్డంగా దాటిపోతాయి, దగ్గరగానూ ఉంటాయి. పైగా ఒలింపిక్ నిబంధన ప్రకారం టార్గెట్ కనబడేదాకా తుపాకీని నడుము దగ్గరే పట్టుకోవాలి. దానికి చురుగ్గా పైకి లేచే తుపాకీ కావాలి. వేటలో రోజంతా మోయాలి, పేల్చేది ఏ కొద్దిసార్లో. ఫెజెంట్ పక్షుల కోసం పొలాల వెంబడి తిరిగేవారికి మూడు కిలోలు దాటితే సాయంత్రానికి చేతులు లాగేస్తాయి. అదే తేలిక తుపాకీతో రేంజిలో వంద తూటాలు కాలిస్తే భుజం కమిలిపోతుంది. రెండు పనులకూ ఒకటే కొనాలనుకునేవారు 28 అంగుళాల గొట్టంతో, మూడుంబావు కిలోల దగ్గర ఆగడం మేలు.

ఇక అన్నిటికంటే ముఖ్యమైనది కొలత. రైఫిల్‌కు వెనుక ఒక సైటు, ముందు ఒక సైటు ఉంటాయి. షాట్‌గన్‌కు ముందు ఒక చిన్న పూస ఉంటుందంతే; వెనుక సైటు పని కన్నే చేయాలి. చెంప తుపాకీ మడమ మీద, అంటే వెనుక చెక్క భాగం మీద, ఎక్కడ ఆనితే కన్ను అక్కడ నిలుస్తుంది. మడమ పైఅంచు మూడు మిల్లీమీటర్లు ఎత్తైనా చాలు, 35 మీటర్ల దూరాన గుండ్ల గుంపు సుమారు పది సెంటీమీటర్లు పైకి పోతుంది. మడమ మరీ పొడుగైతే భుజానికెత్తేటప్పుడు చొక్కాకు తగులుకుంటుంది, పొట్టిదైతే పేలినప్పుడు బొటనవేలు ముక్కుకు కొడుతుంది. సగటు ఐరోపా మగవాడి కొలతలకు చేసిన తుపాకీ పొట్టివారికి, చాలామంది ఆడవారికి ఉన్నదున్నట్టుగా సరిపోదు. చెక్క కోయించడం, ఎత్తు సరిచేసుకునే మడమ ఉన్నది ఎంచుకోవడం దండగ ఖర్చు కానే కాదు.

దుకాణంలోనే దీన్ని పరీక్షించవచ్చు. ముందుగా గొట్టాలు తెరిచి, లోపల తూటా లేదని స్వయంగా చూడాలి. తర్వాత క్షేమమైన వైపు గోడ మీద ఒక చుక్క ఎంచుకుని, కళ్లు మూసుకుని, అలవాటుగా తుపాకీని భుజానికెత్తి చెంప ఆనించాలి. కళ్లు తెరిచినప్పుడు గొట్టం మీది పట్టీ వెంబడి చూపు సూటిగా పోయి పూస చుక్క దగ్గరే కనబడితే కుదిరినట్టే. పట్టీకి బదులు తుపాకీ వెనుక భాగమే కనిపిస్తే మడమ పల్లంగా ఉంది. పట్టీ మొత్తం ఎత్తు నుంచి కనిపిస్తే మడమ ఎత్తుగా ఉంది. నాలుగైదుసార్లు ఎత్తి చూస్తే గానీ నిజం తెలియదు.

బలమైన కన్ను ఏదో కూడా అప్పుడే తేల్చుకోవాలి. చేతులు చాచి, రెండు అరచేతుల మధ్య చిన్న సందు చేసి, అందులోంచి దూరాన ఉన్న వస్తువును రెండు కళ్లతో చూడాలి. ఒక్కో కన్నూ మూస్తే, ఏది తెరిచి ఉన్నప్పుడు వస్తువు కనబడుతుందో అదే బలమైన కన్ను. కుడి భుజం, ఎడమ కన్ను అయినవారి గుండ్లు పక్కకు పోతాయి. ఎడమ కన్ను మూయడమో, కళ్లద్దం మీద చిన్న ముక్క అతికించడమో, అసలు ఎడమ భుజానికే మారడమో చేయాలి. కొత్తగా మొదలుపెట్టేవారికి చివరిదే మంచిది.

గొట్టం వెడల్పును మన దేశంలో బోరు అంటారు. అంకె పెరిగేకొద్దీ గొట్టం సన్నబడుతుంది: గొట్టం లోపలి వ్యాసమంత ఉన్న సీసపు గోళాలు పౌనుకు ఎన్ని తూగుతాయో అదే బోరు. 12 బోరు వ్యాసం సుమారు 18.5 మిల్లీమీటర్లు, 20 బోరుది 15.6. ఒలింపిక్ పోటీల్లో 12 బోరుదే రాజ్యం. అక్కడ తూటాలో 24 గ్రాములకు మించి గుండ్లు ఉండకూడదు. తేలిక తుపాకీ కావాలనుకునే వేటగాళ్లకు 20 బోరు చక్కగా సరిపోతుంది. పిల్లలకని అతి సన్నని 410 కొనిపెట్టడం మాత్రం పొరపాటు. గుండ్లు తక్కువ కావడంతో ఎంత బాగా పేల్చినా గురి తప్పుతూనే ఉంటుంది, నేర్చుకునేవారి ఉత్సాహం చచ్చిపోతుంది. ఒకే ఇంట్లో రెండు బోర్లుంటే తూటాలు కలవనివ్వకూడదు. 20 బోరు తూటా 12 బోరు గొట్టంలోకి జారి మధ్యలో ఇరుక్కుంటుంది. దాని వెనుక మరో తూటా పేలితే గొట్టం బద్దలవుతుంది. 20 బోరు తూటాలు పసుపు రంగులో చేసేది ఈ ప్రమాదం తప్పించడానికే.

నిర్మాణంలో ప్రధానంగా మూడు దారులున్నాయి. మధ్యలో విరిచి తెరిచే జంట గొట్టాల తుపాకీ, ముందు పిడి లాగి తూటా మార్చే పంప్, తనంతట తానే తూటా ఎక్కించుకునే సెమీ ఆటోమేటిక్. బురదలో, వానలో బాతుల కోసం కాచుకునే అమెరికన్ వేటగాళ్లు చవకైన, మొండి పంప్‌ను ఇష్టపడతారు. 1950లో వచ్చిన రెమింగ్టన్ 870 ఆ కోవలోదే. సెమీ ఆటోమేటిక్ భుజానికి తక్కువ దెబ్బ ఇస్తుంది, శుభ్రం చేయడం ఎక్కువ పని. రేంజికి మాత్రం ఒకదాని మీద ఒకటిగా గొట్టాలున్న జంట తుపాకీయే సరైనది. కింది గొట్టం పేలినప్పుడు దెబ్బ నేరుగా వెనక్కి వస్తుంది, గొట్టం ముక్కు పైకి ఎగరదు. తెరిచి పట్టుకుంటే ఖాళీగా ఉందని పక్కనున్న వారందరికీ కనబడుతుంది. ఈ ఒక్క సుగుణం చాలు, కొత్తవారికి దీన్నే సిఫారసు చేయడానికి.

గొట్టం చివర ఉండే చిన్న ఇరుకును చోక్ అంటారు. దాన్నిబట్టి గుండ్లు త్వరగానో ఆలస్యంగానో విచ్చుకుంటాయి. 40 గజాల దూరాన 30 అంగుళాల వృత్తంలో పడే గుండ్లు ఫుల్ చోక్‌తో సుమారు 70 శాతం, మాడిఫైడ్‌తో 60, ఇరుకే లేని సిలిండర్‌తో 40. స్కీట్‌కు విశాలమైనది, ట్రాప్‌కు బిగువైనది వాడతారు. అయితే ఏ తుపాకీ ఏ తూటాతో ఎలా వెదజల్లుతుందో పెద్ద కాగితం మీద పేల్చి, వృత్తం గీసి, చిల్లులు లెక్కపెడితేనే తెలుస్తుంది. మార్చుకోగల చోక్‌లున్న తుపాకీ కొంటే ఈ బాధ సగం తీరుతుంది.

అమెరికాలో నీటి పక్షుల వేటకు సీసపు గుండ్లను 1991 నుంచి దేశమంతటా నిషేధించారు. వాటిని మింగిన పక్షులు విషమెక్కి చచ్చేవి. బదులుగా వచ్చిన ఉక్కు గుండ్లు సీసం కన్నా తేలిక, గట్టివి. బిగువైన చోక్ ఉన్న పాత తుపాకుల్లో వాటిని వాడితే గొట్టం దెబ్బతింటుంది. పాత తుపాకీ కొనేవారు మరొకటి కూడా చూసుకోవాలి. పాత బ్రిటిష్ తుపాకులు చాలావాటిలో తూటా గది 65 మిల్లీమీటర్లే. ఇప్పటి 70 మిల్లీమీటర్ల తూటా మడత విప్పుకోక ముందు అందులో సులువుగానే పడుతుంది, పేలినప్పుడు విప్పుకోవడానికి చోటు చాలక ఒత్తిడి ప్రమాదకరంగా పెరుగుతుంది. గొట్టం మీది పరీక్షా ముద్రలు చదవగలిగే తుపాకీ మేస్త్రీకి చూపించి, గది పొడవు కొలిపించాకే అలాంటి తుపాకీకి డబ్బు చెల్లించాలి.