గద్వాల చీర సామగ్రి పట్టిక: సవరణల నిర్వహణ

వ్యాససంగ్రహం:
ఒక వస్తువు తయారీకి ఏ పదార్థం ఎంత కావాలో తెలిపే జాబితాను తయారీరంగంలో బిల్ ఆఫ్ మెటీరియల్స్ అంటారు. ఈ వ్యాసంలో దానిని ‘సామగ్రి పట్టిక’ అని వ్యవహరించడం జరిగింది. ఈ పట్టికను సవరించినప్పుడు పాతదానిని ఎందుకు చెరపకూడదో, ఏ ఉత్పత్తికి ఏ పట్టిక వర్తిస్తుందో ఎలా నిర్ణయించాలో గద్వాల చీర ఆధారంగా వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: గద్వాల చీర, సామగ్రి పట్టిక, సవరణ, అమలు పరిధి, పాఠాంతరం.

1. ఉపోద్ఘాతం:
జోగులాంబ గద్వాల జిల్లాలో గద్వాలతో పాటు అలంపూర్ ప్రాంతంలోని రాజోలి, అయిజ కూడా గద్వాల చీరల నేతకు నెలవులు. సంప్రదాయ గద్వాల చీరలో నడిమి వస్త్రం నూలు, అంచు, కొంగు పట్టు, వాటిపై జరీ. నడిమి పేక, అంచు పేక వేర్వేరు నాడెలతో సాగి, కలిసేచోట ఒకదానితో ఒకటి మెలిక పడతాయి. ఈ పనితనాన్ని కుట్టు, కుప్పడం అనే పేర్లతో పిలుస్తారు. ఇన్ని రకాల పదార్థాలు ఒక్క చీరలో కలుస్తున్నందువల్ల సామగ్రి పట్టిక స్వభావాన్ని పరిశీలించడానికి ఇది తగిన ఉదాహరణ.

2. పట్టిక నిర్మాణం:
సామగ్రి పట్టికకు అంతస్తులుంటాయి. పై అంతస్తులో చీర. దాని కింద నూలు పడుగు, పట్టు పడుగు, పేకలు, జరీ. వాటి కింద అద్దకానికి ముందున్న నూలు, పట్టు, రంగులు. తయారీ సాఫ్ట్‌వేర్ ఈ అంతస్తులను విడివిడి పట్టికలుగా భద్రపరచి, ఒకదానితో మరొకదానిని ముడిపెడుతుంది. అందువల్ల అంచు పట్టుకు వాడే ఒక రంగు మారితే, ఆ పట్టును వాడే చీరలన్నింటినీ గుర్తించవలసి వస్తుంది. కింది నుండి పైకి సాగే ఈ వెతుకులాటను ‘వాడుక శోధన’ అనవచ్చు. ఈ శోధన చేయకుండా సవరణను ఆమోదిస్తే దాని ప్రభావం ఎంతవరకో ఆమోదించినవారికే తెలియదు.

3. సవరణా? కొత్త వస్తువా?
ప్రతి మార్పూ సవరణ కాదు. ఆకృతి, అమరిక, ప్రయోజనం అనే మూడింటిలోనూ పాతదాని స్థానంలో కొత్తది సందేహం లేకుండా నిలిచినప్పుడే మార్పును సవరణగా నమోదు చేయాలన్నది తయారీరంగంలో స్థిరపడిన సూత్రం. లేకుంటే అది కొత్త వస్తువు. దానికి కొత్త సంకేతసంఖ్య ఇవ్వాలి. అదే నాణ్యత గల నూలును మరొక మిల్లు నుండి కొనడం సవరణ. నడిమి నూలుకు బదులు పట్టు వాడితే అది వేరే చీర.

చిక్కంతా జరీ విషయంలో ఎదురవుతుంది. అసలు జరీలో పట్టుదారంపై వెండి తీగ చుట్టి బంగారు పూత పూస్తారు. టెస్టెడ్ జరీలో రాగి తీగకు వెండి పూత ఉంటుంది. అనుకరణ జరీలో లోహపు పూత పూసిన పాలియెస్టర్ పొర ఉంటుంది. మూడూ కంటికి దాదాపు ఒకేలా కనిపించవచ్చు. ఆకృతిని మాత్రమే చూసి ఈ మార్పును సవరణగా నమోదు చేస్తే పేరు, సంకేతసంఖ్య, ధర మారకుండానే చీర విలువ మారిపోతుంది. కొనుగోలుదారుకు అది తెలిసే దారి ఉండదు. కాబట్టి జరీ రకం మారినప్పుడు కొత్త సంకేతసంఖ్య తప్పనిసరి.

4. అమలు పరిధి:
సవరణ ఎప్పటి నుండి వర్తిస్తుందో తెలపడాన్ని ‘అమలు పరిధి’ అనవచ్చు. సాధారణంగా సాఫ్ట్‌వేర్‌లో దీనిని తేదీతో సూచిస్తారు. చేనేతలో తేదీ ఒక్కటే చాలదు. ఒకే పడుగుపై ఒకటికి మించి చీరలు నేయడం పరిపాటి. ఏప్రిల్ 1 నుండి కొత్త పట్టిక అమలవుతుందని ప్రకటించినా, మార్చిలో మగ్గానికెక్కిన పడుగు పాత పట్టిక ప్రకారమే పూర్తవుతుంది. విమాన తయారీలో సవరణలను విమానపు క్రమసంఖ్యకు ముడిపెట్టే పద్ధతి ఉంది. చేనేతలో ఆ స్థానం పడుగుది. ప్రతి పడుగుకు ఒక సంఖ్య ఇచ్చి, పట్టికను దానికి ముడిపెట్టడం ఉచితం.

5. నేతకారుని లెక్క:
నూలు, పట్టు, జరీ ఇచ్చి చీర నేయించుకొని మజూరీ చెల్లించే ఏర్పాటులో ఈ పట్టికే లెక్కకు ఆధారం. వివరణ కోసం కొన్ని అంకెలను ఊహించవచ్చు. పాత పట్టిక ప్రకారం చీరకు 220 గ్రాముల పట్టు. నాలుగు చీరలకు 880 గ్రాములు ఇచ్చారు. నేత సాగుతుండగా పట్టికను 200 గ్రాములకు సవరించి పాతదానిని చెరిపేశారు. లెక్క చూసేనాటికి సాఫ్ట్‌వేర్ 800 గ్రాముల వినియోగాన్నే అంగీకరించి, 80 గ్రాములు తక్కువ వచ్చాయని చూపుతుంది. నేతకారుడు ఏ పొరపాటూ చేయకున్నా ఆ లోటు అతని మజూరీ నుండి కోతకు కారణం కావచ్చు.

ముంబైకి చెందిన ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ ఈఆర్‌పీ నెక్స్ట్‌లో ఖరారైన పట్టికలోని పరిమాణాలను నేరుగా మార్చడానికి వీలుండదు. మార్పు కావాలంటే కొత్త సంఖ్యతో మరో పట్టికను రూపొందించాలి. ఉత్పత్తి ఆదేశంలో దానికి వర్తించే పట్టిక సంఖ్య నమోదై ఉంటుంది. పై ఉదాహరణలోని అన్యాయాన్ని నివారించేది ఈ కట్టుబాటే. అయితే ఆ సంఖ్య నేతకారుని చేతిలోని చీటీపై కూడా ఉండాలి. లేకుంటే ఆధారం ఒక పక్షం వద్దే మిగులుతుంది.

6. పాఠాంతరం - సవరణ:
పాఠపరిష్కరణలో పరిష్కర్త ఒక పాఠాన్ని స్వీకరించి, తక్కిన పాఠాంతరాలను అధోజ్ఞాపికలో నిలుపుతాడు. పాతదానిని చెరపకపోవడంలో ఈ రెండు పద్ధతులకూ పోలిక ఉంది. భేదం కూడా గమనించదగినదే. పరిష్కర్త మూలానికి దగ్గరైన పాఠాన్ని అన్వేషిస్తాడు. సామగ్రి పట్టికలో అలాంటి మూలం కోసం వెతకవలసిన పని లేదు. పాత పట్టిక పాత పడుగుకు, కొత్త పట్టిక కొత్త పడుగుకు సమానంగా ప్రమాణాలు.

7. ముగింపు:
మార్పు సవరణా, కొత్త వస్తువా అని ముందుగా తేల్చడం, వాడుక శోధన చేయడం, అమలు పరిధిని పడుగుకు ముడిపెట్టడం, పాత పట్టికను చెరపకుండా నిలపడం అనే నాలుగు నియమాలు సవరణల నిర్వహణకు పునాది. వీటిని పాటించినప్పుడు, చీర మగ్గం దిగి ఎన్నేళ్లయినా అందులో ఏముందో కొన్నవారికి, దానికి ఎంత పట్టు పట్టిందో నేసినవారికి నిరూపించుకొనే ఆధారం మిగులుతుంది.