అన్నా, ఏమైంది?

వికారాబాద్ దగ్గరి అనంతగిరి అడవికి హైదరాబాద్ నుంచి సైకిళ్లేసుకుని వెళ్లేవాళ్లున్నారు. తారు రోడ్డు దిగి ఎర్రమట్టి బాట పట్టాక పంక్చర్ షాపు ఊసే ఉండదు. చెట్లు కమ్ముకున్న మలుపుల్లో ఫోన్ సిగ్నల్‌నీ నమ్ముకోలేం. అలాంటి చోట చెయిన్ పుటుక్కున తెగిందంటే, వెనకాల వచ్చే ఇంకో సైకిలే దిక్కు.

"అన్నా, ఏమైంది?"

కొండదారుల్లో సైకిల్ తొక్కేవాళ్లు ఏ దేశంలోనైనా ఏదో ఒక భాషలో ఈ ప్రశ్న అడుగుతూనే ఉంటారు. చిక్కల్లా అడిగే తీరులో ఉంది. చక్రం ఆగకుండా, తల తిప్పి విసిరిన ప్రశ్నకు "ఏం లేదన్నా, పర్లేదు" అనే జవాబే వస్తుంది. పక్కవాడి సరదా చెడగొట్టడం ఎవరికి ఇష్టం? బ్రేకు వేసి, కాలు నేల మీద ఆనించి అడిగితే జవాబు మారుతుంది. "పంపు ఉందా అన్నా?" అని అప్పుడు నోరు పెగులుతుంది.

అసలు కొండల్లో సైకిల్ తొక్కే ఈ ఆట పుట్టిందే రిపేర్ల మధ్య. 1970లలో అమెరికాలోని కాలిఫోర్నియాలో, మారిన్ కౌంటీ కుర్రాళ్లు 1930, 40ల నాటి పాత బరువైన సైకిళ్లను బాగుచేసుకుని కొండల మీంచి దించేవారు. అక్కడి ఫెయిర్‌ఫాక్స్ ఊరి దగ్గర 1976 అక్టోబర్ 21న తొలి 'రీప్యాక్' పోటీ జరిగింది. మూడు కిలోమీటర్లకు కాస్త పైబడిన దారిలో దాదాపు 400 మీటర్ల దిగుడు. పెడల్ వెనక్కి తొక్కితే పడే బ్రేకులవి. కిందికి చేరేసరికి వెనక హబ్‌లోని గ్రీజు కాలి పొగైపోయేది. మళ్లీ గ్రీజు కూరితేగానీ సైకిల్ కదిలేది కాదు, పోటీకి ఆ పేరు రావడానికీ అదే కారణం. కొండ కోసమే ప్రత్యేకంగా చేసిన సైకిళ్లను జో బ్రీజ్ 1977లో తయారుచేయడం మొదలుపెట్టేదాకా కొనుక్కోవడానికి అలాంటి సరుకే లేదు. తెలిసిన కిటుకు పక్కవాడికి చెప్పుకోక తప్పని కాలమది.

సైకిల్ పోటీల్లో సాయం నేరమైన రోజులూ ఉన్నాయి. 1913 టూర్ డి ఫ్రాన్స్‌లో యూజీన్ క్రిస్టోఫ్ గెలుపు మీద గట్టి ఆశతో ఉన్నాడు. పిరెనీస్ పర్వతాల్లో టూర్మలే కనుమ దిగుతుండగా సైకిల్ ముందు ఫోర్క్ విరిగింది. సైకిల్ భుజానేసుకుని, తనను దాటిపోయేవాళ్లను చూస్తూ, పది కిలోమీటర్ల పైచిలుకు నడిచి సెయింట్ మారీ డి కాంపాన్ ఊళ్లో కమ్మరి కొలిమికి చేరాడు. బయటివాళ్ల చెయ్యి పడకూడదన్నది నిబంధన. పోటీ అధికారులు పక్కనే నిలబడి చూస్తుండగా ఇనుము కాల్చి, సాగగొట్టి, ఫోర్క్‌ను తనే అతికించుకున్నాడు. రెండు చేతులూ పనిలో ఉంటే కొలిమితిత్తి ఊదేదెవరు? అక్కడున్న ఓ పిల్లాడు ఊదాడు. ఆ మాత్రానికే క్రిస్టోఫ్‌కు జరిమానా సమయం పడింది. పిల్లాడు చేసిన తప్పేమిటో నూరేళ్లు దాటినా ఎవరికీ అర్థం కాదు.

దక్షిణాఫ్రికాలో 2004 నుంచి జరుగుతున్న కేప్ ఎపిక్ దీనికి పూర్తిగా వేరే దారి పట్టింది. కొండల్లో ఎనిమిది రోజుల పోటీ, ఇద్దరిద్దరి జట్లు. ఇద్దరి మధ్య ఎడం రెండు నిమిషాలు దాటకూడదు, దాటితే శిక్ష పడుతుంది. జతగాడి టైరు పేలితే రెండోవాడు ఆగాల్సిందే. ఆగడాన్నే ఆటలో భాగం చేసిన ఈ పద్ధతి ఎంతో మేలు.

ఆగాక ఏం చేయాలన్నది తెలిసి ఉండాలి. పంక్చర్ అనగానే కొత్త ట్యూబ్ ఎక్కించి గాలి కొట్టేస్తే సగంసార్లు పని చెడుతుంది. ముందు టైరు లోపలి వైపు చుట్టూ వేలిని మెల్లగా పోనివ్వాలి. ఎక్కడో చురుక్కుమంటుంది. రబ్బరులో విరిగి దాక్కున్న పల్లేరు ముల్లు అది. దాన్ని పీకకుండా వేసిన ట్యూబ్ కాసేపట్లోనే మళ్లీ చప్పబడుతుంది. టైరు పక్కగోడ చీలితే నోటును నాలుగు మడతలు పెట్టి లోపల అడ్డుపెడితే ఇల్లు చేరొచ్చు. 29 అంగుళాల చక్రానికి అవసరమైతే 26 అంగుళాల ట్యూబునూ సాగదీసి వేయొచ్చు. చెయిన్ దగ్గర ఇలాంటి సర్దుబాట్లు కుదరవు. పదకొండు గేర్ల చెయిన్ లింకు పన్నెండు గేర్ల చెయిన్‌కు సరిగ్గా పట్టదు. రెండు రకాల లింకులూ సంచిలో వేసుకున్నా బరువు తెలియదు. తన సైకిలుకు పనికిరాని లింకును మోసుకొచ్చినవాడే ఆ పూట ఇంకొకరిని ఇంటికి చేరుస్తాడు.

సైకిల్ చెడితే పోయేది ఓ పూట. మనిషి పడితే లెక్క వేరు. పడ్డవాడు దుమ్ము దులుపుకుని లేచి "నాకేం కాలేదు" అంటాడు. ఆ మాటను వెంటనే నమ్మకూడదు. తలకు దెబ్బ తగిలి మెదడు అదిరినవాడికి ఆ సంగతి తెలియకపోవచ్చు. ఏం జరిగింది, ఎటు నుంచి వచ్చాం, ఇవాళ ఏ వారం అని అడగాలి. అడిగిందే అడుగుతున్నా, తూలుతున్నా, వాంతి అవుతున్నా మళ్లీ సైకిల్ ఎక్కనివ్వకూడదు, ఒంటరిగా పంపకూడదు. లక్షణాలు కొన్ని గంటల తర్వాత బయటపడటమూ ఉంది. హ్యాండిల్ చివర పొట్టలో గుచ్చుకున్న దెబ్బ ఇంకా మోసకారి. పైకి రూపాయి బిళ్లంత గుండ్రటి కమిలిన మచ్చ, అంతే. లోపల ప్లీహమో కాలేయమో చిట్లి నెత్తురు కారుతుండొచ్చు.

మెడకో వెన్నుకో దెబ్బ తగిలిందన్న అనుమానం ఉంటే మనిషిని కదపకూడదు, ఊపిరి ఆడుతున్నంతవరకు హెల్మెట్ లాగకూడదు. వెనకాల వచ్చేవాళ్లు మీదికి రాకుండా పైమలుపు దగ్గర ఒక సైకిలును అడ్డంగా పెట్టాలి. నెత్తురు కారుతుంటే గుడ్డతో గట్టిగా అదిమి పట్టాలి. సిగ్నల్ దొరికితే 112, లేదా 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైన 108. దొరక్కపోతే విజిల్. నిమిషంలో ఆరుసార్లు ఊది, నిమిషం ఆగి, మళ్లీ ఊదాలి. విన్నవాళ్లు నిమిషానికి మూడుసార్లు బదులు ఊదుతారు. ఆల్ప్స్ పర్వతాల నుంచి వచ్చిన సంకేతమిది. వీపు సంచుల్లో చాలావాటికి ఛాతీ పట్టీ బకిల్‌లోనే బుల్లి విజిల్ ఉంటుంది. ఇంటికెళ్లాక ఒకసారి వెతికి చూసుకోవడం మంచిది.

కెనడాలో వాంకూవర్ ఉత్తరాన ఫ్రోమ్, సీమూర్ కొండలు సైకిలిస్టులకు పేరుపడ్డ చోట్లు. అక్కడ కొండల్లో చిక్కుకున్నవాళ్లను తెచ్చే నార్త్ షోర్ రెస్క్యూ 1965 నుంచీ స్వచ్ఛంద సేవకుల మీదే నడుస్తోంది, డబ్బు తీసుకోదు. అయితే ఎంత నిపుణుల దళమైనా కబురందాకే బయల్దేరాలి. అది వచ్చేదాకా పడ్డవాడి పక్కన కూర్చుని, ఒళ్లు చల్లబడకుండా జాకెట్ కప్పి, మాట్లాడుతూ ఉండాల్సింది దారిన పోతూ ఆగినవాడే.

ఎవరూ కష్టంలో లేనప్పుడూ ఆగొచ్చు. దారికడ్డంగా పడ్డ కొమ్మను పక్కకు లాగడం, మలుపులో తేలిన గాజుపెంకు ఏరడం కూడా సాయమే. మన పొలాల గట్ల మీది పల్లేరు మొక్కే అమెరికాకు చేరి అక్కడి పశ్చిమ రాష్ట్రాల సైకిలిస్టుల్ని పీడిస్తోంది. ఐడహో రాష్ట్రంలోని బాయ్‌సీ నగరంలో ఆ ముల్లు పేరనే సైకిళ్ల పండగ చేస్తూ వచ్చారు. జనం ఆ మొక్కల్ని వేళ్లతో సహా పీకి, సంచుల్లో నింపి తెచ్చి అప్పగించారు.