జంట తీగల కథ

మెదక్‌లో ల్యాండ్‌లైన్ మోగే ఇల్లు ఇప్పుడు వెతికితే గానీ దొరకదు. ఆ ఫోన్‌కు స్తంభం మీంచి పెనవేసుకుని వచ్చిన రెండు రాగి తీగల సూత్రం మాత్రం ఎక్కడికీ పోలేదు. రాందాస్ చౌరస్తా దగ్గర రిపేరు షాపులో ఏ స్మార్ట్‌ఫోన్ విప్పినా అది కనిపిస్తుంది.

మొదట్లో టెలిగ్రాఫ్‌కు లాగే టెలిఫోన్‌కూ ఒకటే తీగ. కరెంటు తిరుగు దారి భూమిలోంచి. పక్క తీగల్లో ఏం పారినా ఆ రొద చెవిలో పడేది. 1881లో గ్రాహంబెల్ ఒక తీగకు బదులు రెండు తీగలను మెలిపెట్టే పద్ధతికి పేటెంట్ పొందాడు. బయటి రొద రెండింటి మీదా ఇంచుమించు సమానంగా పడుతుంది. ఫోన్ వినేది వాటి మధ్య తేడాను మాత్రమే. తీసివేతలో సమానమైనది సున్నా అయిపోతుంది, మాట మిగులుతుంది. ఇంత చిన్న లెక్క!

అదే సూత్రం 1990లలో కంప్యూటర్లలో స్థిరపడింది. 1996లో వచ్చిన యూఎస్‌బీ దానికి ఉదాహరణ. పెన్‌డ్రైవ్ మూతి లోపల చూడండి, నాలుగు బంగారు పట్టీలు ఉంటాయి. అంచుల్లోని రెండూ కరెంటువి, కాస్త పొడుగు. మధ్యలోని పొట్టివి డేటా జంట: ఒకదానిలో వోల్టేజి పెరిగితే రెండోదానిలో తగ్గుతుంది.

సర్క్యూట్ బోర్డు మీద తీగలను మెలిపెట్టలేం కదా. అందుకే రెండు రాగి గీతలను దగ్గరదగ్గరగా, ఒకే ఎడంతో నడుపుతారు. గీత వెడల్పు, మధ్య ఎడం, కింది గ్రౌండ్ పొరకు ఉన్న దూరం కలిసి జంట ఇంపిడెన్స్ యూఎస్‌బీకి 90 ఓమ్‌లు, ఈథర్‌నెట్‌కు 100 ఓమ్‌లు రావాలి. మలుపులో బయటి గీత పొడుగవుతుంది. లోపలి గీతకు చిన్న మెలికలు వేసి సరిచేస్తారు.

ఎంత సరిచేయాలి? ఫైబర్‌గ్లాస్ బోర్డులో సిగ్నల్ ఒక మిల్లీమీటరు నడవడానికి ఆరేడు పికోసెకన్లు పడుతుంది. పికోసెకను అంటే సెకనులో లక్ష కోట్ల వంతు. 480 మెగాబిట్ల యూఎస్‌బీలో ఒక్కో బిట్ దాదాపు 2,080 పికోసెకన్లు ఉంటుంది, అక్కడ మిల్లీమీటరు తేడా లెక్కలోకే రాదు. కంప్యూటర్ లోపలి భాగాలను కలిపే పీసీఐ ఎక్స్‌ప్రెస్ ఐదో తరంలో బిట్ 31 పికోసెకన్లే. అదే మిల్లీమీటరు అందులో అయిదో వంతు మింగేస్తుంది.

ఆ వేగంలో ఇంకో చిక్కు. బోర్డు నిజానికి గాజుదారంతో నేసిన బట్ట, రెజిన్‌లో ముంచి గట్టిపరిచినది. 2016 దాకా మెదక్ జిల్లాలోనే ఉన్న సిద్దిపేటలో గొల్లభామ చీర నేసేవారికి పడుగు పేకల మధ్య సందు ఉంటుందని చెప్పనక్కర్లేదు. ఒక గీత గాజుదారం మీద, రెండోది సందులోని రెజిన్ మీద పడితే, పొడవు సమానమైనా రెండూ ఒకే వేగంతో నడవవు. అందుకే గీతలను నేతకు కాస్త ఏటవాలుగా వేస్తారు.

కుర్ర డిజైనర్లు మెలికల మీద పెట్టే శ్రద్ధ కింది పొర మీద పెట్టరు. ఒక గీతలో వెళ్లిన కరెంటు రెండో గీతలోంచి తిరిగొస్తుందన్న నమ్మకం వల్ల అలా జరుగుతుంది. మామూలు బోర్డులో తిరుగు కరెంటు ఎక్కువగా గ్రౌండ్ పొరలోంచే వస్తుంది. జంట కింద ఆ పొరను చీలిస్తే ఎంత చక్కగా కొలిచిన మెలికలైనా కాపాడలేవు.

కీక్యాడ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఈ జంటల్ని గీసిపెడుతుంది, పొడవులూ సరిచేస్తుంది. ఇంజనీరింగ్ చదువుతున్నవాళ్లు దింపుకుని ప్రయత్నించండి. మొదటి మెలిక వేసేముందు గ్రౌండ్ పొర ఎక్కడా తెగలేదని చూసుకోండి.