మ్యాట్రిక్స్ స్విచర్: అమరిక, సర్దుబాటు

తొండూరు, పులివెందుల ప్రాంతాల విద్యార్థులకు కాలువ తూము తెలిసినదే. తూము ఎత్తితే ఆ పొలానికి నీరు పారుతుంది. మ్యాట్రిక్స్ స్విచర్ కూడా దృశ్య, శ్రవణ సంకేతాలను ఇలాగే మళ్లిస్తుంది. అయితే నీటిని పంచితే తగ్గుతుంది. ఒక ఇన్‌పుట్‌ను అన్ని అవుట్‌పుట్లకూ పంపినా సంకేతం తగ్గదు. ఒక అవుట్‌పుట్ మాత్రం ఒకేసారి ఒక ఇన్‌పుట్‌నే తీసుకోగలదు. 32 ఇన్‌పుట్లు, 32 అవుట్‌పుట్లు ఉంటే లోపల 1,024 కూడళ్లు ఉంటాయి.

మాడ్యులర్ రకంలో ఈ ఇన్‌పుట్లు, అవుట్‌పుట్లు విడివిడి కార్డులపై ఉంటాయి. బరువు తగ్గేందుకు ముందు ఖాళీ ఫ్రేమును 19 అంగుళాల ర్యాక్‌లో బిగించి, ఎర్తింగ్ చూసుకుని, తరువాత కార్డులు ఎక్కించండి. మిగిలిన స్లాట్లను మూతపలకలతో మూయాలి. తెరిచి ఉంచితే చల్లగాలి దారి తప్పుతుంది. కడప ఎండల్లో ఇది చిన్న విషయం కాదు.

అసలు చిక్కు ఇ.డి.ఐ.డి. దగ్గర వస్తుంది. తెర తన సామర్థ్యాన్ని కంప్యూటరుకు తెలిపే సమాచారమిది. మధ్యలో స్విచర్ ఉన్నప్పుడు కంప్యూటరుకు తెర కనిపించదు, స్విచరే కనిపిస్తుంది. తరగతిలో ఒక 4కె టీవీ, ఒక 1920×1080 ప్రొజెక్టరు ఉన్నాయనుకోండి. స్విచర్ 4కె అని చెబితే ప్రొజెక్టరు నల్లగా ఉండిపోవచ్చు. చాలామంది కేబులు మారుస్తూ పూట గడిపేస్తారు! రెండింటికీ సరిపడే 1920×1080ను ఇన్‌పుట్లకు నిర్ణయిస్తే చాలు. అప్పటికీ బొమ్మ రాకపోతే, కాపీ రక్షణ వ్యవస్థ అయిన హెచ్.డి.సి.పి.ని ఆ తెర అంగీకరిస్తుందో లేదో చూడండి.

చివరగా ప్రతి ఇన్‌పుట్‌నూ ప్రతి అవుట్‌పుట్‌కూ కలిపి పరీక్షించి, ఆ సర్దుబాట్ల నకలును వేరే కంప్యూటరులో భద్రపరచండి.